బేగార్ అన్న మాట: ఇరవైమూడో అధికరణం, నల్లగొండ, పాలమూరు

ప్రాథమిక హక్కుల చరిత్ర చెప్పేటప్పుడు మనకొక వరస అలవాటైపోయింది. 1215 నాటి మాగ్నాకార్టాతో మొదలుపెడతాం. 1789 నాటి ఫ్రెంచి ప్రకటన దగ్గర కాసేపు ఆగుతాం. అమెరికా హక్కుల బిల్లును పలకరించి, 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానాన్ని తాకి, 1950 జనవరి 26న ఢిల్లీలో దిగుతాం. బడిపుస్తకాలు ఈ దారినే నడుస్తాయి, వ్యాసరచన పోటీల్లో పిల్లలూ ఈ దారినే నడుస్తారు. నేను చెప్పేది తెలుగు. సాంఘికశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ప్రతి ఏడాదీ ఆ వ్యాసాలు దిద్దే పని నా మీద పడుతుంది కనుక ఈ మాట చెప్పగలను: ఆ దారిలో దేవరకొండ రాదు, చిలుకూరు రాదు, షాద్‌నగర్ రాదు. హక్కు అనేది ఎక్కడో పుట్టి, ఎవరో తెచ్చి, మనకు ఇచ్చిన వస్తువుగా పిల్లల మనసులో నిలిచిపోతుంది.

దీనికి ఎదురుగా మన అభ్యుదయ విమర్శలో ఇంకో అలవాటుంది. రాజ్యాంగం పాలకవర్గాల పత్రమనీ, హక్కులన్నీ పోరాటం వల్లనే వచ్చాయనీ ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు పోతాం. ఆ వాక్యంలో నిజముంది. కాని ఆ పత్రంలోని ఏ అక్షరం ఏ ఊళ్లో ఏ పని చేసింది, ఏ పని చేయలేకపోయింది అన్న విచారణ అక్కడితో ఆగిపోతుంది. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్రను దగ్గర పెట్టుకొని రాజ్యాంగంలోని ఒకే ఒక్క అధికరణాన్ని చదివితే, ఈ రెండు అలవాట్లూ ఎంత తేలికైనవో తెలుస్తుంది. నేను చదవదలచింది ఇరవైమూడో అధికరణం. మనుషులను అమ్మడం, కొనడం, వెట్టిచాకిరి చేయించడం నిషిద్ధమని చెప్పే అధికరణం అది.

ఆ అధికరణపు ఇంగ్లీషు పాఠంలో ఒక మాట ఉంది: 'బేగార్'. తర్జుమా చేయకుండా ఆ పారశీ మాటను అలాగే ఉంచేశారు. నిజాం సర్కారు ఫర్మానాల్లోనూ, రెవెన్యూ కాగితాల్లోనూ ఉన్న మాట అదే. మన ఊళ్లలో దాని పేరు వెట్టి. 'వెట్టికి పోవుడు' అంటే ఏమిటో ఏ నిఘంటువూ చూడకుండా తెలిసిన ముసలివాళ్లు నా చిన్నతనంలో ఇంకా మిగిలి ఉన్నారు. అంటే భారత రాజ్యాంగం రాసినవాళ్లు తెలిసి చేసినా తెలియక చేసినా, నల్లగొండ తాసిల్ కచేరీలో చెలామణి అయిన ఒక మాటను ప్రాథమిక హక్కుల భాగంలో చేర్చారు.

'హక్కు' అన్న మాట సంగతీ చూడండి. అరబ్బీ 'హక్' ఉర్దూ మీదుగా మనకొచ్చింది. తొలినాళ్లలో ఊరి వాడుకలో హక్కు ఉన్నది ఎవరికి? వతన్‌దారుకు, మక్తేదారుకు, ఇనాందారుకు. పటేలు, పట్వారీలకు వంశపారంపర్యపు హక్కు. చాకలికీ, మాదిగకూ ఉన్నది 'పని'. దొర హక్కు అంటే అవతలివాడి పని మీద హక్కు. ఒక మాట అర్థం తలకిందులు కావాలంటే దాని వెనక ఒక వర్గం కదలాలి. చేసేవాడికే హక్కు ఉంటుంది, చేయననే హక్కు కూడా వాడిదే అన్న అర్థం ఈ మాటకు 1930, 40ల్లో వచ్చింది. మన భాషాచరిత్రకారులు పట్టించుకోవలసిన విషయమిది.

వెట్టి స్వరూపం పాఠకులకు కొత్త కాదు గనుక విస్తరించను. చాకలి బట్టలుతకాలి, అధికారుల మకాములో అంట్లు తోమాలి, మూటలు మోయాలి. కుమ్మరి కుండలివ్వాలి. గొల్ల గొర్రెనివ్వాలి. బోయీలు పల్లకి మోయాలి. మాల, మాదిగలు కబురు మోసుకొని ఊరూరా పరుగెత్తాలి, పొలంలో నాగలి కట్టాలి. దొర బిడ్డ పెండ్లయితే ఆడబాపగా ఒక పేద ఇంటి ఆడపిల్ల వెంట పోవాలి. గమనించవలసిన విషయం మరొకటుంది. ఈ దోపిడీ కులాన్ని బట్టి పంపకమైంది. ఎవడి కులవృత్తి వాడికి సంకెల. కనుక ఇరవైమూడో అధికరణాన్ని, అంటరానితనాన్ని రద్దు చేసిన పదిహేడో అధికరణం నుంచి విడదీసి చదవడం తెలంగాణ విషయంలో పొరపాటవుతుంది.

ఈ వెట్టికి సర్కారు కాగితాల మీద నిషేధం లేకపోలేదు. కూలి ఇవ్వకుండా బేగార్ చేయించరాదని నిజాం ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. అప్పు కింద మనిషిని కట్టిపడేసే భాగేలా ఒప్పందాల మీద 1936లో నిబంధన కూడా తెచ్చింది. ఆ నిషేధాలను అమలు చేయవలసిన గిర్దావరూ, తాసిల్దారూ దౌరాకు వచ్చినప్పుడు వాళ్ల సామాను మోసింది వెట్టివాళ్లే. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం, మాడపాటి హనుమంతరావు నాయకత్వాన, వెట్టికి వ్యతిరేకంగా ప్రచారం చేపట్టినప్పుడు చేసిన పని పైకి చాలా చిన్నది. సర్కారు తానే రాసుకున్న మాటను జనం చెవిన వేయడం అది. ఉర్దూ కాగితంలో నిద్రపోతున్న నిషేధాన్ని తెలుగులోకి తెచ్చి నలుగురికీ చెప్పడం. దీన్ని మితవాదుల విన్నపాల రాజకీయమని మనవాళ్లు కొట్టిపారేస్తుంటారు. నాకలా అనిపించదు. నా దృష్టిలో తెలంగాణలో హక్కుల సాహిత్యం పద్యంతోనో కథతోనో మొదలు కాలేదు, కరపత్రంతో, పత్రికావార్తతో మొదలైంది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి తెచ్చిన 'నీలగిరి', 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన హైదరాబాదు నుంచి వెలువడిన 'గోలకొండ' ఆ పని చేసిన పత్రికలు. మన సాహిత్యచరిత్రల్లో 'గోలకొండ కవుల సంచిక'కు దక్కిన చోటు గోలకొండ పత్రికలోని వార్తలకు దక్కలేదు. 354 మంది కవులను లెక్కపెట్టుకున్నాం, మంచిదే. వెట్టి మీద వచ్చిన రాతలను లెక్కపెట్టినవారు తక్కువ.

మాట్లాడే హక్కు లేనిచోట వెట్టి వద్దని చెప్పడమెలా? సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 1920ల చివర గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వచ్చింది. ఈనాటి భాషలో చెప్పాలంటే పందొమ్మిదో అధికరణం పూర్తిగా లేని రాజ్యమది. ఆ ఉత్తర్వు నీడలోనే ఆంధ్రమహాసభలు జరిగాయి. 1930లో జోగిపేటలో తొలి సభకు అధ్యక్షుడు సురవరం. 1931లో రెండో సభ నల్లగొండ జిల్లా దేవరకొండలో, అధ్యక్షుడు పాలమూరు వకీలు బూర్గుల రామకృష్ణారావు. 1936లో అయిదో సభ పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో, కొండా వెంకటరంగారెడ్డి అధ్యక్షతన. 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి, రెండూ నల్లగొండ జిల్లావే, రెండింటికీ రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఈ ఊళ్ల వరసను బడిపుస్తకంలోని కరాచీ పక్కన రాసుకోవాలని నా మనవి. దేవరకొండకూ భువనగిరికీ మధ్య పదమూడేళ్లలో ఏం మారింది? వకీళ్లు వేదిక మీద ఉండి, రైతులు బయట నిలబడిన సభ, రైతుల సభగా మారింది. భువనగిరిలో సభ చీలింది కూడా అందుకే. వెట్టి చేయించేవాళ్లూ, చేసేవాళ్లూ ఒకే పందిరి కింద ఎంతకాలం కూర్చుంటారు?

చట్టం, హక్కు, బలం అనే ఈ మూడింటి సంబంధం తెలుసుకోవాలంటే బందగీ కథ ఒక్కటి చాలు. కామారెడ్డిగూడెం అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఊరు. జనగామ తర్వాత వరంగల్లు జిల్లాలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఇలాకా అది. షేక్ బందగీ ఒక మామూలు ముస్లిం రైతు. తన భూమి కోసం కోర్టుకు పోయాడు, ఏళ్ల తరబడి తిరిగాడు, గెలిచాడు. 1940ల తొలినాళ్లలో దొర మనుషులు అతన్ని దారికాచి చంపారు. నిజాం కోర్టు అతనికి హక్కు లేదనలేదు సుమా! ఉన్నదనే చెప్పింది. ఆ కాగితం ఉండబట్టే అతని ప్రాణం పోయింది. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన 'మాభూమి' నాటకానికి ఈ ఘటన ప్రేరణ అని మనకు తెలుసు. కాని ఆ నాటకం మీద వచ్చిన విమర్శలో బందగీ అమరత్వం గురించి మాట్లాడినంతగా బందగీ కోర్టు కేసు గురించి మాట్లాడలేదు. కోర్టుకు పోయి గెలిచినవాడు చనిపోవడం చూసిన జనానికి తర్వాత పాలకుర్తిలో అయిలమ్మ పంట కోతకు సంఘం మనుషులు వెంట ఎందుకుండాలో ఎవరూ బోధించనక్కరలేకపోయింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఒరిగాడు. ఆ తర్వాత నెలల్లో ఊరి తర్వాత ఊరు వెట్టి మానేసింది. ఉద్యమ నాయకుల లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో దొరల పెత్తనం పోయింది, పది లక్షల ఎకరాలు పంచారు. లెక్కల మీద వాదులాడుకోవచ్చు. ఇరవైమూడో అధికరణం రాయకముందే అది అనేక ఊళ్లలో అమలైందన్న విషయం మీద మాత్రం వాదం లేదు. దాని తొలి దశను, అంటే చదువుకున్న యువకుడు ఊళ్లోకి పోయి వెట్టి తప్పని చెప్పడం మొదలుపెట్టిన రోజులను, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' (1955)లో చూడవచ్చు. అతను నల్లగొండ జిల్లావాడే.

ఇప్పుడు ఢిల్లీకి పోదాం. రాజ్యాంగసభలో బేగార్ నిషేధం మీద చర్చ జరిగింది 1948 డిసెంబరు మొదటివారంలో. ముసాయిదాలో అప్పటికి దాని సంఖ్య పదిహేడు. రాజపుతానా సంస్థానాల నుంచి వచ్చిన సభ్యులు తమ దగ్గరి బేగార్ ఎలాంటిదో వివరించారు. హైదరాబాదు సంస్థానం నుంచి మాట్లాడినవారు లేరు. హైదరాబాదుకు కేటాయించిన స్థానాలు రాజ్యాంగం ఆమోదం పొందేదాకా ఖాళీగానే ఉన్నాయి. దేశంలో అన్నిటికన్నా పెద్ద సంస్థానం, వెట్టి మీద అన్నిటికన్నా పెద్ద తిరుగుబాటు జరిగిన ప్రాంతం, ఆ చర్చలో ఒక్క గొంతూ లేకుండా ఉండిపోయింది. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య అయిపోయింది. డిసెంబరు నాటికి జనరల్ చౌధురి సైనిక ప్రభుత్వం నడుస్తోంది. నల్లగొండ పల్లెల్లో సైన్యం ఉంది. సైన్యం వెంట పారిపోయిన దొరలు కొందరు తిరిగి వచ్చారు. వెట్టి తప్పని అక్కడ సభలో తీర్మానించే రోజుల్లోనే వెట్టి మాన్పించిన మనుషులు ఇక్కడ క్యాంపుల్లో ఉన్నారు. 1949 నవంబరులో నిజాం ఒక ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగాన్ని హైదరాబాదుకు వర్తింపజేశాడు. మన ప్రాంతంలో 'భారత ప్రజలమైన మేము' అన్న వాక్యం రాజుగారి ఫర్మానా మీద ఎక్కి వచ్చిందన్నమాట. అదే నిజాం 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్.

రాజ్యాంగం నల్లగొండతో మొదటిసారి ముఖాముఖి నిలబడిన సందర్భం ఇంకా విషాదకరమైంది. 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు నల్లగొండ ప్రాంతపు రైతు కార్యకర్తలకు హత్యానేరాల కింద మరణశిక్షలు వేశాయి. ఆ డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖరారు చేసింది. ప్రపంచానికి వీరు 'తెలంగాణ పన్నెండుగురు'గా తెలిశారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక వీళ్ల పక్షాన సుప్రీంకోర్టుకు పోయారు. ఇంగ్లండు నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. జనార్దనరెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం అన్న పేరుతో ఆ తీర్పులు రెండు ఉన్నాయి. న్యాయశాస్త్రం చదివేవాళ్లకు అవి తెలుసు. సాహిత్యం చదివే మనకు తెలియవు.

మొదటి తీర్పు 1950 డిసెంబరులో వచ్చింది. 1950 జనవరి 26కు ముందు హైదరాబాదు హైకోర్టు భారత భూభాగంలోని న్యాయస్థానం కాదు, అప్పటికే అంతిమమైపోయిన తీర్పు మీద కొత్త రాజ్యాంగం కింద అప్పీలు కుదరదు అని దాని సారం. ఈ తర్కాన్ని ఒకసారి నిదానంగా చూడండి. సైన్యం పంపడానికి 1948లో హైదరాబాదు భారతదేశంలోనిదే. ఉరిశిక్ష మీద అప్పీలు వినడానికి 1949లో భారతదేశంలోనిది కాదు! శిక్ష ఖరారుకూ రాజ్యాంగానికీ మధ్య ఉన్నది కొద్ది వారాలు. ఆ వారాల్లోంచి పన్నెండు ప్రాణాలు జారిపోబోయాయి. చట్టం దృష్టిలో ఆ తర్కం తప్పని నేననలేను, న్యాయవాదిని కాను. హక్కుకు పుట్టినతేదీ ఉంటుందనీ, ఆ తేదీకి ముందు శిక్షపడినవాడికి అది అక్కరకు రాదనీ ఆ తీర్పు చెప్పింది.

రెండో తీర్పు 1951 మార్చిలో వచ్చింది. ఈసారి వాదన ట్రిబ్యునల్లో తమకు న్యాయవాది లేకుండానే విచారణ జరిగిందని. మరణశిక్ష పడే కేసులో న్యాయవాది లేనంత మాత్రాన ప్రతిసారీ విచారణ చెల్లదనే సూత్రం చేయలేమని కోర్టు పిటిషన్లు కొట్టేసింది. ఇదే ప్రశ్న మీద అమెరికా సుప్రీంకోర్టు 1932లో, స్కాట్స్‌బరో నీగ్రో యువకుల కేసులో, సరైన న్యాయవాది లేకుండా వేసిన మరణశిక్షలు చెల్లవని చెప్పి ఉంది. మన దగ్గర ఉచిత న్యాయసహాయం ఇరవైఒకటో అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పడానికి 1979 హుస్సేనారా ఖాతూన్ కేసు దాకా ఆగవలసి వచ్చింది. దేశంలోపలా బయటా లేచిన ఆందోళన వల్ల పన్నెండుగురి శిక్షలు చివరకు యావజ్జీవంగా మారాయి. అంటే వాళ్లను కాపాడింది ప్రాథమిక హక్కుల అధ్యాయమా, వీధిలోని జనమా? రెండోదే అంటాను. అయితే ఒక సవరణతో. కోర్టులో పిటిషన్లు నడిచిన ఆ పదిహేను నెలలు లేకపోతే జనం కూడగట్టుకోవడానికి వ్యవధి ఉండేది కాదు. ఓడిపోయిన కేసు కూడా కొన్నిసార్లు ఉరితాటిని వెనక్కి లాగి పట్టుకుంటుంది.

1952 ఎన్నికల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. హైదరాబాదులో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధముండడంతో పి.డి.ఎఫ్. పేరుతో నిలబడిన రావి నారాయణరెడ్డికి నల్లగొండలో 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకు వచ్చినవి 2,33,571. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమని దీన్ని తగ్గించి చెప్పేవాళ్లుంటారు. నెహ్రూ పోటీ చేసిందీ ద్విసభ్య నియోజకవర్గంలోనే. ఒకటే గుర్తుంచుకోవాలి: అంతకు ఏడాది ముందు సుప్రీంకోర్టు వినలేకపోయిన జిల్లా, వయోజన ఓటు చేతికందగానే చెప్పవలసింది చెప్పింది.

ఇక్కడిదాకా చెప్పింది ఎక్కువగా నల్లగొండ కథ. ఇక పాలమూరు. నల్లగొండలో వెట్టి దొర గడీ ముందు నిలబడి ఉండేది గనుక ఎదిరించడానికి ఒక గడప ఉంది. పాలమూరులో వెట్టి ఊరు దాటి పోయింది. నీళ్లు లేని ఎర్రచెల్కలు, అప్పు, కరువు కలిసి జిల్లాను కూలీల గనిగా మార్చాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, సొరంగం తొలిచినా అక్కడ 'పాలమూరు లేబర్' ఉంటుందన్నది గొప్పగా చెప్పుకునే మాటయింది. జిల్లా పేరు ఒక కూలిసరుకు పేరుగా మారడం కన్నా అవమానం ఏముంటుంది? ఇంకో చేదు సంగతి. కృష్ణ మీద శ్రీశైలం ఆనకట్ట వల్ల 1981లో పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలను బలవంతంగా ఖాళీ చేయించారు. అప్పటికి రెండేళ్ల కిందటే, 44వ సవరణ వల్ల, ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది. జమీందార్లు కోర్టుల్లో దశాబ్దాల పాటు వాడుకున్న హక్కు, కొల్లాపురం, అలంపురం వైపు చిన్నరైతు ఇల్లు మునిగేనాటికి లేదు. ఆ సవరణ తప్పని నా ఉద్దేశం కాదు. ఏ హక్కు ఎవరి అవసరం తీరేదాకా ఉంటుందో గమనించమంటున్నాను.

పాలమూరు వలస పద్ధతి ఇలా నడుస్తుంది. పైన కంపెనీ. దాని కింద గుత్తేదారు. అతని కింద పెద్దమేస్త్రీ. ఊళ్లో గుంపుమేస్త్రీ. గుంపుమేస్త్రీ బయటివాడు కాదు, చాలాసార్లు అదే కులం, అదే వాడ, మేనమామో బావో అవుతాడు. పండుగ ముందరో, పెండ్లి ముందరో, పంట పోయినప్పుడో ఇంటికి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సే సంకెల. ఆలుమగలు జతగా పోవాలి. పనిచోట తిండిఖర్చులకు కొంత ఇస్తారు, మిగతా లెక్క ఆఖరున. మధ్యలో జ్వరమొస్తే నాగా, నాగా పడితే కోత. లెక్క తీరకపోతే మళ్లీ ఏడు పోవాలి. గడీ లేదు, కొరడా లేదు, 'నీ బాంచెన్' అనడమూ అంతగా వినపడదు. మరి దీన్ని వెట్టి అనవచ్చా?

చట్టం ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముప్పై రెండేళ్లు తీసుకుంది. ఇరవైమూడో అధికరణాన్ని అమలు చేసే వెట్టి కార్మిక నిర్మూలన ఆర్డినెన్సు వచ్చింది 1975 అక్టోబరులో, చట్టమైంది 1976లో. అంటే అత్యవసర పరిస్థితిలో. పద్నాలుగు, ఇరవైఒకటి, ఇరవైరెండు అధికరణాల కింద కోర్టుకు పోయే దారిని రాష్ట్రపతి ఉత్తర్వు మూసేసిన రోజుల్లో, రచయితలూ కార్యకర్తలూ జైళ్లలో ఉన్నప్పుడు, వెట్టివాడికి విముక్తి ప్రకటించారు. అప్పులు రద్దు చేస్తాం, ఎందుకని మాత్రం అడగవద్దు అన్న వరసలో వచ్చిన విముక్తి అది. అయినా చట్టం చట్టమే. అందులోని ఒక సెక్షన్ దగ్గరికి చివర్లో వస్తాను.

1982 సెప్టెంబరులో, ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో, జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు మన చర్చకు కీలకం. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేసేవాడు ఆకలి వల్ల, మరో దారి లేక చేస్తున్నాడు గనుక అది కూడా బలవంతపు చాకిరీయే, ఇరవైమూడో అధికరణానికి విరుద్ధమే అని ఆ తీర్పు సారం. బలవంతం అంటే కొరడా మాత్రమే కాదు, ఆర్థికమైన ఒత్తిడి కూడా. ఇది న్యాయమూర్తుల మెదళ్లలో హఠాత్తుగా వెలిగిన ఆలోచన కాదు. 1947లో రాజ్యాంగసభకు సమర్పించిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో అంబేద్కర్ ఈ వాదననే పెట్టి ఉన్నాడు. పని పోతుందన్న భయం ఉన్నవాడికి ప్రాథమిక హక్కుల విలువ ఏపాటిదని ఆయన అడిగాడు. ఆర్థిక నిర్మాణాన్నే రాజ్యాంగంలో రాయాలన్నాడు. అది రాయలేదు. ముప్పై అయిదేళ్ల తర్వాత ఆ ప్రశ్న ఏషియాడ్ కూలీల రూపంలో కోర్టు తలుపు తట్టింది. పాలమూరు లేబర్ చేసే పనికి వెట్టి అన్న పేరు రాజ్యాంగం భాషలో ఆనాడే ఖాయమైంది.

1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమూ వచ్చింది. గుత్తేదారుకు లైసెన్సు ఉండాలి. ప్రతి కూలీకి ఫోటోతో పాసుపుస్తకం ఇవ్వాలి. నెలజీతంలో సగం స్థానభ్రంశపు భత్యంగా, దారిఖర్చులు వేరుగా ఇవ్వాలి. చదవడానికి ఎంత బాగుంది! 2020లో పార్లమెంటు దీన్ని ఇతర కార్మిక చట్టాలతో కలిపి ఒక కోడ్‌లో చేర్చింది. అదే ఏడాది మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు, దేశంలో వలస కూలీలు ఎందరో, ఏ రాష్ట్రంలో ఏ గుత్తేదారు కింద ఉన్నారో చెప్పే రిజిస్టరు ప్రభుత్వాల దగ్గర లేదన్న సంగతి రోడ్ల మీద నడిచిన జనం చూపించారు. నలభై ఏళ్లపాటు ఆ చట్టం ఏం చేసిందో దీన్ని బట్టి ఊహించవచ్చు. దాని బలహీనత నాకు కనిపించినంతలో ఇది: చట్టానికి గుత్తేదారు ఎవరో తెలుసు, గుంపుమేస్త్రీ ఎవరో తెలియదు. మేనమామను లైసెన్సు అడిగే చట్టం ఊళ్లో ఎవరి నోటా రాదు.

నా దగ్గరున్న రిజిస్టరు బడి హాజరుపట్టీ ఒక్కటే. దసరా సెలవుల తర్వాత అందులో కొన్ని పేర్ల ఎదుట వరసగా 'గై' పడుతుంది. కొందరు తల్లిదండ్రుల వెంట పోయినవాళ్లు. కొందరు ముసలమ్మ దగ్గర ఉండి చెల్లెల్ని ఎత్తుకుని తిరిగేవాళ్లు. 2002లో చేర్చిన ఇరవైఒకటి-ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. హాజరుపట్టీలో ఆ హక్కు పక్కనే ఇరవైమూడో అధికరణం ఉల్లంఘన కూడా కనబడుతుందని ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ ఎవరూ రాయరు. పేరు తీసేయాలా ఉంచాలా అన్నదే అక్కడి చర్చ.

మన రచయితలతో ఒక మాట. వలస మీద కథలూ పాటలూ మన దగ్గర కొరత లేదు. బొంబాయి బస్సు, తాళం వేసిన ఇల్లు, వాకిట్లో ముసలితల్లి, ఎండిన చెరువు, ఇవన్నీ వచ్చాయి. కన్నీరు వచ్చింది. లెక్క రాలేదు. అడ్వాన్సు ఎంత, రోజుకూలి ఎంత పట్టారు, తిండిఖర్చు ఎంత కోశారు, ఆఖరున మిగిలిందెంత అని ఒక్క కథ చివరిదాకా లెక్కకట్టి చూపించినట్లు నేను చదవలేదు. దొర పాత్రను గీయడం మనకు బాగా వచ్చు. మీసాలు, గడీ, గుర్రం ఉంటే చాలు. అడ్వాన్సు ఇచ్చి, పెండ్లికి వచ్చి, కష్టానికి కంటతడి పెట్టి, రాత్రికి పుస్తకం తెరిచి నాగాలు రాసుకునే మేనమామను గీయడం కష్టం. అతన్ని దుర్మార్గుడిగా గీస్తే కథ అబద్ధమవుతుంది, మంచివాడిగా గీస్తే దోపిడీ మాయమవుతుంది. ఈ కష్టాన్ని తలకెత్తుకోకుండా పాలమూరు వాస్తవికత అసాధ్యం.

ఇక నేను చెబుతానన్న సెక్షన్. 1976 చట్టంలో పదిహేనోది. వెట్టి అప్పు అని కూలీ చెప్పినప్పుడు, అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసిన భారం అప్పిచ్చినవాడిదే. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరికొంచెం ముందుకు తీసుకుపోయింది. బలవంతపు చాకిరీ అని తేలితే దాని వెనక అడ్వాన్సు ఉన్నదనే ఊహించుకోవాలంది. మామూలు సాక్ష్యచట్టాన్ని తలకిందులు చేసిన నిబంధన ఇది. నా ఎరుకలో దీన్ని గురించి విన్న కూలీ ఒక్కడూ లేడు. విన్న మేస్త్రీలు ఉండవచ్చు. ఊళ్లో పంచాయితీ కూర్చుంటే ఇప్పటికీ అడిగేది కూలీనే: ఎన్ని పైసలు తీసుకున్నావు, ఎన్ని రోజులు చేశావు, కాగితమేదీ అని. కాగితం అతని దగ్గర లేదు. నాలుగు కాలాల గీతలు కొట్టిన పుస్తకం, పెద్ద అంకెలతో, అక్కడక్కడ వేలిముద్రలతో, మేస్త్రీ ఇంట్లో పెట్టెలో ఉంటుంది.